తిరుపతిలో ఫ్రాంచైజీ జిమ్: భవనం వెతకడం నుంచి బీమా దాకా చట్టం, భద్రత

ఫ్రాంచైజీ జిమ్ తీసుకునేవాళ్లలో చాలామందికి ఒక నమ్మకం ఉంటుంది. పెద్ద బ్రాండు కదా, పర్మిషన్లు, కాగితాలు వాళ్లే చూసుకుంటారులే అని. బ్రాండు వాళ్లు ఇచ్చేది పేరు, బోర్డు డిజైను, యంత్రాల జాబితా, సాఫ్ట్‌వేర్, కొంత శిక్షణ. ట్రేడ్ లైసెన్సు, జీఎస్టీ నంబరు, లీజు, ఉద్యోగుల జీతాలు అన్నీ ఉండేది మీ పేరు మీదే. ట్రెడ్‌మిల్ మీద ఎవరైనా కుప్పకూలితే స్టేషన్ నుంచి ఫోన్ వచ్చేదీ మీకే. కాబట్టి ప్రతి అడుగులోనూ ‘ఇది ఎవరి బాధ్యత?’ అని అడిగి, జవాబు కాగితం మీద తీసుకోండి. కింద చెప్పిన వరుస కూడా కావాలనే పెట్టాను. చాలామంది ముందు ఫ్రాంచైజీ ఫీజు కట్టి తర్వాత భవనం వెతుకుతారు. అది తలకిందులు.

మొదటి అడుగు: భవనం

ఎయిర్ బైపాస్ రోడ్డులోనో, ఎమ్మార్ పల్లి వైపో, రేణిగుంట రోడ్డులోనో మంచి చోటు కనిపించగానే అడ్వాన్సు ఇచ్చేయకండి. ముందు ఓనరును మంజూరైన ప్లాన్, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ప్లాన్ ప్రకారమే కట్టారని ఇచ్చే ధ్రువపత్రం) అడగండి. భవనం నగరపాలక సంస్థ పరిధిలో ఉందో, తుడా (తిరుపతి పట్టణాభివృద్ధి సంస్థ) పరిధిలోని పంచాయతీలో ఉందో తేల్చుకోండి. ట్రేడ్ లైసెన్సు ఎవరి దగ్గర తీసుకోవాలన్నది దాన్నిబట్టే ఉంటుంది. ప్లాన్‌లో ఆ అంతస్తును నివాసం అని చూపించారా, వాణిజ్యం అని చూపించారా అన్నది అసలు ప్రశ్న. ఇంటికని మంజూరైన అంతస్తులో జిమ్ నడిపితే, పక్కింటివాళ్లు ఒక్క ఫిర్యాదు ఇచ్చినా నోటీసు వస్తుంది. అప్పటికి మీరు ఇంటీరియర్‌కే లక్షలు పోసి ఉంటారు.

సెల్లార్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అద్దె తక్కువ, శబ్దం బయటికి రాదు, బరువులు కింద పడేసినా ఎవరూ అడగరు అని సెల్లార్‌లో జిమ్ పెట్టడం మన ఊళ్లలో మామూలైపోయింది. ప్లాన్‌లో సెల్లార్ ఇచ్చేది పార్కింగ్ కోసం. అక్కడ జిమ్ నడపడం ప్లాన్ ఉల్లంఘనే. చట్టం మాట పక్కన పెట్టినా, 2021 నవంబరు వరదల్లో తిరుపతి వీధులు చెరువులైన సంగతి ఈ ఊరివాళ్లకు చెప్పక్కర్లేదు. ఈశాన్య రుతుపవనాల వానకు నీళ్లు ముందు చేరేది సెల్లార్లలోకే. పక్కనే కరెంటు మీద నడిచే ట్రెడ్‌మిల్స్ వరసగా ఉంటాయి. పైగా చాలా సెల్లార్లకు బయటికి దారి ఒకటే, అదీ వాహనాలు దిగే ర్యాంపు. పొగ కమ్మితే లోపలివాళ్లు ఎటు వెళ్తారు? అద్దె సగానికే ఇస్తామన్నా సెల్లార్ వద్దు.

పై అంతస్తు అయితే బరువు చూడాలి. మన నిర్మాణ ప్రమాణాల ప్రకారం ఇళ్ల గదుల స్లాబును చదరపు మీటరుకు 200 కిలోల వినియోగ భారం లెక్కతో డిజైన్ చేస్తారు. స్థిరమైన సీట్లు లేకుండా జనం చేరే హాళ్లకు ఆ లెక్క 500 కిలోలు. డంబెల్ రాక్, స్క్వాట్ రాక్, ప్లేట్లు, చుట్టూ మనుషులు ఒకే మూల చేరితే, పైనుంచి బార్‌బెల్ పడే దెబ్బ కూడా తోడైతే, ఇంటి స్లాబు మీద ఎంత భారమో ఊహించుకోండి. స్ట్రక్చరల్ ఇంజినీరు చేత చూపించి, ఏ చోట ఎంత బరువు పెట్టవచ్చో రాయించుకోండి. బ్రాండు వాళ్లు పంపే లేఅవుట్ బొమ్మ అందంగా ఉంటుంది కానీ, మీ భవనంలో దూలాలు ఎక్కడున్నాయో దానికి తెలియదు.

లీజు 11 నెలలకు రాసుకుని ఏటా పొడిగించుకుందాం అనే అలవాటు ఇక్కడ పనికిరాదు. ఫ్రాంచైజీ ఒప్పందం ఐదేళ్లకు ఉండి లీజు ఏడాదిలో ముగిస్తే, మధ్యలో ఓనరు ఖాళీ చేయమన్నా బ్రాండుకు మీరు జవాబు చెప్పుకోవాలి. ఏడాదికి మించిన లీజును రిజిస్టర్ చేయించి తీరాలి. స్టాంపు డ్యూటీ ఖర్చవుతుందని వెనకాడకండి. ఒప్పందం ఎన్నేళ్లో లీజు కనీసం అన్నేళ్లు ఉండాలి. అగ్నిమాపక ఏర్పాట్లు, అదనపు కరెంటు లోడు, బయట బోర్డు పెట్టుకునే హక్కు, రెండో మెట్లదారి వాడకం, వీటన్నిటికీ ఓనరు సమ్మతి లీజులోనే రాయించండి.

రెండో అడుగు: ఫ్రాంచైజీ ఒప్పందం

మన దేశంలో ఫ్రాంచైజీల కోసం ప్రత్యేక చట్టమంటూ లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం, 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం, పన్ను చట్టాలు కలిసి ఈ వ్యవహారాన్ని నడుపుతాయి. అంటే, మీకు రక్షణగా నిలిచేది మీరు సంతకం పెట్టే కాగితమే. దాన్ని లాయరుకు చూపించకుండా సంతకం పెట్టకండి. లాయరు ఫీజు మీరు కొనే ఒక మంచి ట్రెడ్‌మిల్ ఖరీదులో చిన్న భాగం.

ముందు చూడాల్సింది బ్రాండు పేరు నిజంగా వాళ్లదేనా అని. ట్రేడ్‌మార్కుల రిజిస్ట్రీ వెబ్‌సైట్లో ఎవరైనా ఉచితంగా వెతకవచ్చు. జిమ్, ఫిట్‌నెస్ సేవలు 41వ తరగతి కిందికి వస్తాయి. రిజిస్టర్ అయిందా, ఇంకా దరఖాస్తు దశలోనే ఉందా, ఎవరైనా అభ్యంతరం పెట్టారా అన్నీ అక్కడ కనిపిస్తాయి.

తర్వాత మోడల్. ‘ఫోఫో’ అంటే పెట్టుబడీ మీదే, నడిపేదీ మీరే. ‘ఫోకో’ అంటే పెట్టుబడి మీది, నడిపేది కంపెనీ. ఫోకోలో టెన్షన్ ఉండదని మాట చెబుతారు. అక్కడే జాగ్రత్తగా చదవండి. ట్రైనర్లకు జీతమిచ్చే యజమాని ఎవరు? లైసెన్సులు ఎవరి పేరున ఉంటాయి? మెంబరుకు గాయమైతే పరిహారం ఎవరిది? నడిపేది వాళ్లు, లైసెన్సు మీది అన్నట్టు ఉంటే, వాళ్ల సిబ్బంది నిర్లక్ష్యానికి మీకు కలిగే నష్టాన్ని వాళ్లే భరిస్తారన్న షరతు రాయించాలి.

ఇండెమ్నిటీ క్లాజు, అంటే నష్టం ఎవరు పూడ్చాలన్న షరతు, చాలా ఒప్పందాల్లో ఒకవైపే ఉంటుంది. ఏం జరిగినా ఫ్రాంచైజీదారే కంపెనీకి నష్టం పూడ్చాలి అని. బ్రాండు తప్పనిసరిగా కొనమన్న యంత్రం లోపం వల్ల, బ్రాండు సాఫ్ట్‌వేర్ నుంచి మెంబర్ల వివరాలు బయటికి పోవడం వల్ల వచ్చే నష్టం మాత్రం వాళ్లే భరించాలని గట్టిగా అడగండి. అన్నిటికీ ఒప్పుకోకపోవచ్చు, అడిగితే కొన్నైనా మారతాయి.

ప్రాంతం హక్కు కూడా అంతే. ‘తిరుపతి’ అని రాస్తే చాలదు. తిరుచానూరు, రేణిగుంట, చంద్రగిరి అందులోకి వస్తాయా? ఎన్ని కిలోమీటర్ల లోపు మరో శాఖ ఇవ్వరు? అదే కంపెనీ వేరే పేరుతో తక్కువ ధర జిమ్ పెడితే? ఇవన్నీ రాతలో ఉండాలి. వివాదం వస్తే మధ్యవర్తిత్వం ఢిల్లీలోనో ముంబైలోనో అని ఉంటే, చిన్న గొడవకు కూడా అంత దూరం పరుగెత్తాలి. కనీసం ఆన్‌లైన్ విచారణకైనా ఒప్పించండి. ఒప్పందం ముగిశాక మూడేళ్లు ఎక్కడా జిమ్ పెట్టకూడదు అనే షరతులు కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ముందు నిలవడం కష్టం. ఒప్పందం నడుస్తున్నంతకాలం మాత్రం అలాంటి షరతు చెల్లుతుంది.

ఎక్కువమంది చూడని మాట ఇంకొకటి. మెంబర్లు ఏడాది డబ్బు ముందే కడతారు. ఒప్పందం మధ్యలో తెగిపోతే మిగిలిన నెలలకు సేవ ఎవరిస్తారు, డబ్బు ఎవరు వాపసు చేస్తారు? ఇది రాసి లేకపోతే మెంబరు నిలదీసేది ఊళ్లో ఉన్న మిమ్మల్నే.

మూడో అడుగు: అనుమతులు

ట్రేడ్ లైసెన్సుకు కార్పొరేషన్‌లో గానీ వార్డు సచివాలయంలో గానీ దరఖాస్తు చేయండి. చిత్తూరులోనూ నగరపాలక సంస్థే ఉంది కాబట్టి పద్ధతి దాదాపు ఇదే. ఆంధ్రప్రదేశ్ షాపులు, సంస్థల చట్టం 1988 కింద కార్మిక శాఖలో రిజిస్ట్రేషన్ వేరు. అది వ్యాపారం మొదలైన 30 రోజుల్లోపు చేయించాలి. వృత్తిపన్ను నమోదు, బోర్డుకు అనుమతి కూడా ఈ దశలోనే ముగించండి. అన్ని కాగితాల్లో సంస్థ పేరు, చిరునామా ఒకేలా ఉండాలి. ఒకచోట బ్రాండు పేరు, మరోచోట మీ ప్రొప్రైటరీ పేరు, ఇంకోచోట పాత డోరు నంబరు ఉంటే, బీమా క్లెయిమ్ రోజున అదే అడ్డం తిరుగుతుంది.

నాలుగో అడుగు: నిప్పు, కరెంటు

15 మీటర్లు, అంతకు మించి ఎత్తున్న వాణిజ్య భవనాలకు అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) తప్పనిసరి. మీ భవనం అంతకంటే చిన్నదే కావచ్చు, అయినా జిల్లా అగ్నిమాపక కార్యాలయానికి ప్లాన్ తీసుకెళ్లి, మాకు ఏం వర్తిస్తుందని రాతపూర్వకంగా అడగండి. జాతీయ భవన నియమావళి జిమ్నాజియంను జనం గుమిగూడే భవనాల వర్గంలో పెట్టింది. దుకాణానికి సరిపోయే ఏర్పాట్లు జిమ్‌కు చాలవు.

లోపలి సంగతి. ఒకదానికొకటి దూరంగా రెండు దారులు ఉండాలి. తలుపులు బయటికి తెరుచుకోవాలి, వ్యాయామం జరుగుతున్నంతసేపు తాళం పడకూడదు. యాక్సెస్ కార్డుతో తెరుచుకునే తలుపు పెడితే, కరెంటు పోగానే అది దానంతటదే తెరుచుకోవాలి. పార్సిల్ డబ్బాలు, పాత బెంచీలు మెట్ల మీద పెట్టనివ్వకండి. గోడలకు అందం కోసం అతికించే ఫోమ్ షీట్లు వద్దే వద్దు. అంటుకుంటే నిమిషాల్లో నల్లటి పొగ నింపేస్తాయి. మంటల్లో ఎక్కువ ప్రాణాలు తీసేది ఆ పొగే. ఏ మూల నిలబడ్డా 15 మీటర్లలోపు ఒక అగ్నిమాపక సిలిండరు అందాలి. కరెంటు ప్యానెల్ దగ్గర కార్బన్ డయాక్సైడ్ రకం, మిగతాచోట్ల ఏబీసీ పౌడరు రకం. నెలకోసారి పౌడరు సిలిండర్ల మీటరు ముల్లు పచ్చ గీతలో ఉందో లేదో చూసి సంతకం పెట్టే బాధ్యత ఒక్కరికి అప్పగించండి.

కరెంటుకు వాణిజ్య కేటగిరీ కనెక్షన్, సరిపడా లోడు కావాలి. విద్యుత్ పంపిణీ సంస్థ ప్రధాన కార్యాలయం తిరుపతిలోనే ఉంది, లోడు పెంచుకోవడానికి సాకు లేదు. ఒక్కో ట్రెడ్‌మిల్‌కు విడి లైను, విడి ఎంసీబీ (లోడు మించితే సరఫరా ఆపే స్విచ్చు), మంచి ఎర్తింగ్ ఉండాలి. చెమట చేతులతో ఇనుము పట్టుకునే చోటు కాబట్టి, షాక్ తగలగానే సరఫరా ఆపేసే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ పెట్టించండి. ఎక్స్‌టెన్షన్ బాక్సులు వద్దు.

ఐదో అడుగు: యంత్రాలు, వాటి మధ్య చోటు

వ్యాయామ యంత్రాలకు అంతర్జాతీయంగా ఐఎస్ఓ 20957 ప్రమాణం ఉంది. అందులో ‘ఎస్’ తరగతి జిమ్‌లకు, ‘హెచ్’ తరగతి ఇళ్లకు. ఇంటి రకం యంత్రం జిమ్‌లో పెడితే వారంటీ పోతుంది. ప్రమాదం జరిగితే మీ నిర్లక్ష్యానికి అదే రుజువవుతుంది. ఇన్వాయిస్ మీద మోడలు, తరగతి రాయించుకోండి.

ట్రెడ్‌మిల్ వెనక కనీసం 6 అడుగుల ఖాళీ ఉండాలి. జారిపడ్డ మనిషి వెనక గోడకు, ఇంకో యంత్రానికి గుద్దుకోకూడదు. పక్కపక్కన కూడా అడుగున్నర దాకా వదలండి. బ్రాండు లేఅవుట్‌లో ఒక యంత్రం ఎక్కువ పట్టించడం కోసం ఈ చోటే మింగేస్తారు, అక్కడ రాజీ పడకండి. పడిపోతే ట్రెడ్‌మిల్‌ను ఆపేసే సేఫ్టీ క్లిప్పు బట్టలకు తగిలించుకోనిదే ఎవరినీ నడవనివ్వొద్దని ట్రైనర్లకు చెప్పండి. కేబుల్ మెషిన్లలో తీగ పోగులు లేస్తే అదే క్షణం యంత్రం ఆపి ‘వాడకండి’ అని బోర్డు పెట్టాలి. మరమ్మతు మనిషి చెన్నై నుంచో బెంగళూరు నుంచో వచ్చేదాకా ‘కాస్త చూసుకుని వాడండి సార్’ అనడం ఘోరమైన తప్పు. బార్‌బెల్‌కు కాలర్లు, స్క్వాట్ రాక్‌కు సేఫ్టీ బార్లు, బరువు ఎక్కువైన బెంచ్ ప్రెస్‌కు స్పాటర్ (పక్కన నిలబడి బరువు అందుకునే మనిషి) తప్పనిసరి. రోజూ తెరిచే ముందు చూసిన తనిఖీని పుస్తకంలో తేదీ, సంతకంతో రాయించండి. కోర్టులో మీ పక్షాన మాట్లాడేది ఆ పుస్తకమే.

ఆరో అడుగు: గుండె ఆగిన క్షణం

2021 అక్టోబరులో కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ 46 ఏళ్లకే, వ్యాయామం తర్వాత గుండెపోటుతో పోయినప్పటి నుంచి మెంబర్ల కుటుంబాల్లో ఈ భయం ఉంది. ఆ భయానికి జవాబు ఏర్పాట్లు చేయడమే.

చేరే ప్రతి ఒక్కరి చేత పార్‌-క్యూ అనే ఏడు ప్రశ్నల ఆరోగ్య ఫారం నింపించండి. గుండె జబ్బు, బీపీ, ఛాతీనొప్పి, కళ్లు తిరగడం, మందులు, ఎముకలు కీళ్ల సమస్య వంటివి అందులో ఉంటాయి. దాన్ని తెలుగులో ఇవ్వండి. చిత్తూరు వైపు తమిళంలో కూడా ఉంచండి. అర్థంకాని ఇంగ్లిష్ ఫారం మీద సంతకం ఎవరికీ ఉపయోగపడదు. ఏ ప్రశ్నకైనా ‘అవును’ అంటే డాక్టరు చీటీ వచ్చేదాకా కష్టమైన వ్యాయామం లేదు. మన ఊళ్లో ఇంకో రకం మెంబర్లుంటారు. అలిపిరి మెట్లెక్కి కొండకు నడుస్తామని మొక్కుకుని, నెలరోజుల్లో ఒళ్లు సిద్ధం చేసుకోవాలని వచ్చే యాభై దాటినవాళ్లు. దాదాపు 3,550 మెట్లు. వాళ్ల తొందర చూసి ట్రైనరు కూడా తొందరపడకూడదు.

మనిషి పడిపోయి, పలకక, మామూలుగా ఊపిరి తీసుకోకపోతే సీపీఆర్ మొదలుపెట్టాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు ఛాతీ మధ్యలో నొక్కాలి. సీపీఆర్, షాక్ అందని ప్రతి నిమిషానికి బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది. బ్రహ్మోత్సవాల రోజుల్లో ట్రాఫిక్ దాటుకుని అంబులెన్సు రావడానికి ఎంతసేపు పడుతుందో మీకు తెలుసు. అందుకే గుండెకు షాక్ ఇచ్చే ఏఈడీ యంత్రం కొనండి. ఖరీదైనదే. అయినా ఒక కార్డియో యంత్రం తగ్గించుకుని దీన్ని పెట్టమంటాను. ఏం చేయాలో అదే గొంతుతో చెబుతుంది, గుండె లయ చూసి అవసరమైతేనే షాక్ ఇస్తుంది.

ప్రతి షిఫ్టులో సీపీఆర్ శిక్షణ ఉన్నవాళ్లు కనీసం ఇద్దరు ఉండాలి. రెడ్‌క్రాస్ వంటి సంస్థల్లో నేర్పించి, ఏటా మళ్లీ చేయించండి. ఎవరు 108కి ఫోన్ చేయాలి, ఎవరు ఛాతీ నొక్కాలి, ఎవరు ఏఈడీ తేవాలి, ఎవరు కిందికెళ్లి లిఫ్టు ఆపి అంబులెన్సుకు దారి చూపాలి, పేర్లతో రాసి గోడకు అతికించండి. స్విమ్స్, రుయా ఆసుపత్రుల అత్యవసర విభాగాలకు మీ జిమ్ నుంచి ఏ దారి దగ్గరో కూడా అందులో ఉండాలి.

ఏడో అడుగు: మెంబరుతో ఒప్పందం

‘ఏ ప్రమాదానికీ జిమ్ బాధ్యత వహించదు’ అని సంతకం తీసుకుంటే చాలనుకోవద్దు. ఆ కాగితం మీ నిర్లక్ష్యాన్ని కడిగేయదు. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు పడవచ్చు. ‘కట్టిన డబ్బు ఎట్టి పరిస్థితుల్లోనూ వాపసు లేదు’ అన్న షరతు కూడా వినియోగదారుల రక్షణ చట్టం 2019 ముందు బలహీనమే. ఆ చట్టం అన్యాయమైన ఒప్పందాలను గుర్తిస్తుంది. పైగా మెంబరు తానుండే ఊళ్లోని జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. గర్భం, ఆపరేషన్, బదిలీ వంటివాటికి సభ్యత్వం ఆపుకునే, డబ్బు లెక్కగట్టి ఇచ్చే పద్ధతిని ముందే రాసిపెట్టండి. 18 ఏళ్లలోపు పిల్లలతో ఒప్పందం చెల్లదు, తల్లిదండ్రులే సంతకం చేయాలి.

ఎనిమిదో అడుగు: సిబ్బంది

ట్రైనరు కండలు చూసి ఉద్యోగమివ్వకండి. క్రీడలు, ఫిట్‌నెస్ రంగ నైపుణ్య మండలి గుర్తించిన సర్టిఫికెట్టో, పేరున్న అంతర్జాతీయ సంస్థ సర్టిఫికెట్టో అడిగి, అసలుదో కాదో సరిచూడండి. అందరికీ నియామక పత్రం ఇవ్వండి. పదిమంది చేరితే ఈఎస్ఐ, ఇరవై మంది చేరితే పీఎఫ్ వర్తిస్తాయి. ‘ఫ్రీలాన్సు’ అని పేరు పెట్టి రోజంతా మీ దగ్గరే పనిచేయిస్తే ఉద్యోగి కాడని నిరూపించడం తేలిక కాదు.

పదిమంది, అంతకు మించి పనిచేస్తుంటే పని ప్రదేశంలో లైంగిక వేధింపుల నివారణ చట్టం 2013 కింద అంతర్గత కమిటీ వేయాలి. అధ్యక్షురాలు మహిళే, సభ్యుల్లో కనీసం సగం మహిళలు, బయటి సభ్యులు ఒకరు. పదిమందికి తక్కువైతే ఫిర్యాదు జిల్లా స్థానిక కమిటీకి వెళ్తుంది. వ్యాయామం సరిచేసేటప్పుడు ముట్టుకునే ముందు అడగాలన్న నియమం ట్రైనర్లందరికీ రాతలో ఇవ్వండి. మహిళలు ధైర్యంగా వచ్చే జిమ్‌కు, ఒకసారి వచ్చి మానేసే జిమ్‌కు తేడా ఎక్కువగా ఇక్కడే ఉంటుంది.

స్టెరాయిడ్ల విషయంలో మొహమాటం వద్దు. అవి డాక్టరు చీటీ మీద, లైసెన్సున్న మందుల షాపులో అమ్మాల్సినవి. లాకరులో ఒక్క ఇంజెక్షన్ దొరికినా ఆ ట్రైనరును ఆ రోజే పంపేయాలి. ప్రోటీన్ డబ్బాలు అమ్మాలంటే మీ చిరునామాకు ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషనో లైసెన్సో కావాలి. డబ్బా మీద 14 అంకెల నంబరు, దిగుమతిదారు పేరు చూసుకోండి.

తొమ్మిదో అడుగు: జీఎస్టీ లెక్క

2025 సెప్టెంబరు 22 నుంచి జిమ్ సేవల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది. మెంబరుకు మంచిదే. కానీ ఇన్‌పుట్ క్రెడిట్ (మీరు కొన్నవాటి మీద కట్టిన పన్నును తగ్గించుకునే వెసులుబాటు) లేదు, ఫ్రాంచైజీదారును ఇది గట్టిగా తాకుతుంది. బ్రాండు రాయల్టీ మీద వేసే 18 శాతం, యంత్రాల మీద కట్టే పన్ను, ఇంటీరియర్ పన్ను, ఏదీ తిరిగి రాదు. అంతా ఖర్చే. ఓనరుకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకపోయినా, మీకుంటే, 2024 అక్టోబరు 10 నుంచి వాణిజ్య అద్దె మీద పన్ను రివర్స్ చార్జి కింద మీరే కట్టాలి. ఉదాహరణకు నెలకు లక్ష అద్దె అంటే నిజానికి లక్షా పద్దెనిమిది వేలు. పాత రేటుతో బ్రాండు వాళ్లు చూపించే లాభాల పట్టికను నమ్మకుండా, మీ ఆడిటరు చేత కొత్త లెక్క వేయించాకే సంతకం పెట్టండి.

పదో అడుగు: పాటలు, కెమెరాలు, వేలిముద్రలు

సొంతానికి తీసుకున్న పాటల యాప్ సభ్యత్వంతో జిమ్‌లో పాటలు పెట్టడం కాపీరైట్ చట్టం ఒప్పుకోదు. వాణిజ్య ప్రసారానికి హక్కులున్న సంస్థల నుంచి లైసెన్సు కావాలి. కొన్ని బ్రాండులు అన్ని శాఖలకూ కలిపి తీసుకుంటాయి, కాపీ అడగండి. తెల్లవారుజామున 5కే తెరిచే జిమ్‌లు గుర్తుంచుకోండి, రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా శబ్ద నియమాలు కఠినం.

బట్టలు మార్చుకునే గదుల్లో కెమెరా ఉండకూడదు, తలుపు వైపు తిరిగిన కెమెరా కూడా వద్దు. వేలిముద్ర, ముఖం, ఆరోగ్య వివరాలు తీసుకుంటే ఎందుకో చెప్పి సమ్మతి తీసుకోండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. మెంబరు ఫోటోను ‘ముందు, తర్వాత’ అంటూ ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టడానికీ విడిగా రాతపూర్వక అంగీకారం ఉండాలి.

చివరగా బీమా

అగ్ని ప్రమాదానికి ఒకటి, మెంబర్లకు గాయమైతే పబ్లిక్ లయబిలిటీ, ఈఎస్ఐ వర్తించని సిబ్బందికి ఉద్యోగుల పరిహార పాలసీ, ఈ మూడూ తలుపులు తెరవకముందే తీసుకోండి. వరద నష్టం, ట్రైనరు తప్పు వల్ల జరిగే గాయం కవరవుతాయా అని ఏజెంటును ఈమెయిల్లో అడిగి జవాబు దాచుకోండి. పాలసీలో మీ సంస్థ పేరు, చిరునామా ట్రేడ్ లైసెన్సులో ఉన్నట్టే ఉండాలి. లైసెన్సులు, సిలిండర్ల రీఫిల్, ఏఈడీ బ్యాటరీ, ప్యాడ్లు, సీపీఆర్ సర్టిఫికెట్లు, బీమా, వీటి గడువు తేదీలన్నీ ఒకే పట్టికలో రాసి రిసెప్షన్ వెనక గోడకు పెట్టండి. ప్రతి గడువుకూ నెలరోజుల ముందే పని మొదలుపెట్టే మనిషి ఎవరో ఆ పట్టికలోనే పేరుతో రాయండి.